పెరటి డిష్, ఉచిత ఆకాశం
పశ్చిమ ప్రకాశం చరిత్ర ధారావాహిక: బొమ్మ వచ్చిన దారి

తెలుగునాట టెలివిజన్ చరిత్ర రాసేవారు దూరదర్శన్ టవర్లతో మొదలుపెట్టి ప్రైవేటు చానళ్ల స్టూడియోలతో ముగించడం పరిపాటి. ఆ రెంటికీ నడుమ డాబాల మీద, పెరళ్లలో వెలసి, పదేళ్లు ఊళ్లను ఏలి, తుప్పుపట్టి పాత ఇనుము దుకాణాలకు చేరిన పది, పన్నెండు అడుగుల జాలీ డిష్ మాత్రం ఆ చరిత్రలో ఒక వాక్యానికి మించి చోటు దక్కించుకోలేదు. బేస్తవారిపేట, కంభం, గిద్దలూరు, మార్కాపురం వంటి ఊళ్ల దృష్టితో చూస్తే ఇది న్యాయం కాదు. ఎందుకంటే టవర్ తరంగం సరిగా అందని మెట్ట ప్రాంతానికి బయటి ప్రపంచపు బొమ్మను మొట్టమొదట స్పష్టంగా తెచ్చింది ఆ డిష్షే, అదీ పంపేవాడికి పైసా చెల్లించకుండా. ఆ ఉచితం ఎందుకు సాధ్యమైంది, ఎవరికి ఉచితమైంది, ఎందుకు ఆగిపోయింది అన్నదే ఈ భాగంలోని ప్రధాన విషయం.

మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాలు 1970 ఫిబ్రవరి వరకు కర్నూలు జిల్లాలో ఉండి, ఆ తరువాత ఒంగోలు కేంద్రంగా ఏర్పడిన కొత్త జిల్లాలో చేరాయి. ఆ జిల్లాకే 1972లో టంగుటూరి ప్రకాశం పేరు పెట్టారు. జిల్లా కేంద్రం కోస్తాలో ఉంటే ఈ తాలూకాలు నల్లమల అంచున ఉండడం రోడ్లకు, నీళ్లకు సంబంధించినంతవరకు ఎంత ఇబ్బందో టెలివిజన్‌కూ అంతే ఇబ్బంది అయింది. హైదరాబాదులో దూరదర్శన్ కేంద్రం 1977 అక్టోబరులో ప్రసారాలు మొదలుపెట్టినా, అక్కడి నుంచి మార్కాపురానికి గగనమార్గంలోనే రెండు వందల కిలోమీటర్లకు దగ్గర దూరం. నేల మీది టవర్ల నుంచి వెలువడే టెలివిజన్ తరంగాలు దాదాపు చూపు రేఖలోనే ప్రయాణిస్తాయి, అంటే టవర్ కొనకూ ఇంటి యాంటెన్నాకూ మధ్య భూమి వంపు గాని కొండ గాని అడ్డు వస్తే అక్కడితో ఆగిపోతాయి. అందువల్ల పెద్ద టవర్ ప్రసారమైనా సాధారణంగా వంద కిలోమీటర్ల లోపే స్పష్టంగా అందుతుంది. 1980లలో తక్కువ శక్తి ట్రాన్స్‌మిటర్లు దేశమంతటా విస్తరించాక కూడా వాటి పరిధి ఊరికీ దాని చుట్టుపక్కలకే చాలడంతో, దూరపు పల్లెల్లో ఇరవై అడుగుల ఇనుప పైపు మీద అల్యూమినియం పుల్లల యాంటెన్నా బిగించి, బూస్టర్ పెట్టి, ఒకరు డాబా మీద పైపు తిప్పుతుంటే మరొకరు కింద నుంచి 'వచ్చింది, పోయింది' అని కేక వేయడం ఆదివారం ఉదయపు పని అయింది. రామాయణం 1987 జనవరి నుంచి 1988 జులై వరకు, మహాభారతం 1988 అక్టోబరు నుంచి 1990 జూన్ వరకు నడిచిన ఆ కాలంలో బొమ్మ నిండా చుక్కలే అయినా జనం కదలకుండా చూశారు.

అయితే తెలుగు పల్లెకు ఉపగ్రహం నుంచి నేరుగా బొమ్మ రావడం అంతకు చాలా ముందే జరిగింది. అమెరికా అంతరిక్ష సంస్థ నాసాకు చెందిన ఏటీఎస్-6 అనే ఉపగ్రహాన్ని ఒక సంవత్సరం పాటు అరువు తీసుకుని, భారత అంతరిక్ష పరిశోధన సంస్థ 1975 ఆగస్టు 1 నుంచి 1976 జులై 31 వరకు 'సైట్' అనే బోధనా టెలివిజన్ ప్రయోగాన్ని నడిపింది. ఆరు రాష్ట్రాల్లోని 2,400 గ్రామాలను ఎంచుకున్నారు. ఆంధ్రప్రదేశ్ వాటిలో ఒకటి, తెలుగు ప్రసార భాషల్లో ఒకటి. ఉదయం బడిపిల్లలకు, సాయంత్రం పెద్దలకు కలిపి రోజుకు సుమారు నాలుగు గంటల కార్యక్రమాలు వచ్చేవి. ఒకే బొమ్మకు రెండు ధ్వనులు జోడించి పంపే ఏర్పాటు ఉండడంతో ఒకే చిత్రాన్ని వేర్వేరు ప్రాంతాలవారు తమ తమ భాషల్లో వినగలిగారు. గ్రామానికొకటిగా పెట్టిన ఆ సెట్లను తయారుచేసింది హైదరాబాదులోని ఈసీఐఎల్. పది అడుగుల డిష్‌ను కోళ్ల గూళ్లకు వాడే ఇనుప జాలీతోనే చేశారు. ఆ ప్రయోగం ముగిశాక ఉపగ్రహాన్ని నాసా వెనక్కి జరుపుకుంది.

ఈ సైట్ ప్రయోగానికి ఎవరూ ఊహించని మరో ఫలితం ఉంది, అది ఈ కథకు ముఖ్యం. భారత గ్రామాల కోసం పంపిన సిగ్నల్ భారతదేశపు సరిహద్దు దగ్గర ఆగలేదు. ఇంగ్లండులోని షెఫీల్డ్‌లో ఉండే స్టీవ్ బర్కిల్ అనే ఇంజనీరు సొంతంగా డిష్, రిసీవర్ తయారుచేసుకుని, ఏటీఎస్-6 నుంచి 860 మెగాహెర్ట్జ్ పౌనఃపున్యంలో వస్తున్న ఆ బొమ్మను తన ఇంటి దగ్గరే పట్టుకున్నాడు. పౌనఃపున్యం అంటే సెకనుకు తరంగం ఎన్నిసార్లు కంపిస్తుందో చెప్పే కొలత. కొలంబోలో స్థిరపడిన రచయిత ఆర్థర్ సి. క్లార్క్ ఇంటి మీద భారత ఇంజనీర్లే సైట్ డిష్ ఒకటి బిగించారు. భూమధ్యరేఖకు ఎగువన సుమారు 35,786 కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఉపగ్రహం భూమితో సమానంగా తిరుగుతూ నేల మీదివారికి కదలనట్టే కనిపిస్తుందనీ, అలాంటివి మూడు ఉంటే ప్రపంచమంతటికీ ప్రసారం చేయవచ్చనీ 1945లో ఒక వైర్‌లెస్ పత్రికలో వ్యాసం రాసింది ఆ క్లార్కే. అంటే, ఇంటి పెరట్లో డిష్ పెట్టి ఆకాశం నుంచి బొమ్మ దించుకోవడమనే అభిరుచి ఐరోపాలో తొలి అడుగు వేసినప్పుడు తెర మీద కనిపించింది తెలుగు, ఒరియా, హిందీ పల్లెల కోసం తీసిన వ్యవసాయ, ఆరోగ్య కార్యక్రమాలు. పాశ్చాత్య దేశాల బొమ్మను మనం దొంగచాటుగా చూశామనుకునేవారికి ఈ సంగతి గుర్తుచేయడం అవసరం.

అమెరికాలో ఈ అభిరుచికి ఆద్యుడిగా చెప్పే టేలర్ హోవార్డ్ స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడు. కేబుల్ కంపెనీలకు సినిమాలు పంపేందుకు హెచ్‌బీఓ వాడుకుంటున్న ఉపగ్రహ సిగ్నల్‌ను ఆయన 1976లో పాత సైనిక సామగ్రితో చేసిన డిష్ ద్వారా ఇంట్లో పట్టుకుని, చూసినందుకు ప్రతిఫలంగా ఆ కంపెనీకి వంద డాలర్ల చెక్కు పంపితే, తాము వ్యక్తులతో కాక కేబుల్ కంపెనీలతోనే వ్యవహరిస్తామంటూ వారు దాన్ని తిప్పి పంపారు. ఆయన రాసిన నిర్మాణ కరదీపిక చేతులు మారింది. 1979 అక్టోబరులో అక్కడి ప్రభుత్వం గ్రహణ డిష్‌లకు లైసెన్సు అవసరం లేదని తేల్చింది. అదే ఏడాది ఒక ఖరీదైన దుకాణం క్రిస్మస్ జాబితాలో ఇంటి డిష్ ధర 36,500 డాలర్లు. తరువాతి ఆరేళ్లలో ధర పదో వంతుకు పడిపోయి, కేబుల్ వైరు చేరని పొలాల మధ్య ఇళ్ల ముందు పది అడుగుల డిష్ సాధారణ దృశ్యమైంది. చానళ్లవారు కళ్లు తెరిచి, 1986 జనవరి 15న హెచ్‌బీఓ తన సిగ్నల్‌కు తాళం వేసింది. బొమ్మను గజిబిజి చేసి పంపి, డబ్బు కట్టినవారి పెట్టెలో మాత్రమే అది తిరిగి సరిపడేలా చేయడమే ఈ తాళం. ఆ ఏప్రిల్‌లో 'కెప్టెన్ మిడ్‌నైట్' అనే మారుపేరుతో ఒక డిష్ వ్యాపారి ఉపగ్రహ కేంద్రం నుంచి హెచ్‌బీఓ ప్రసారం మీదికే తన నిరసన సందేశాన్ని పంపి నాలుగైదు నిమిషాలు దాన్ని మూసివేశాడు. నిరసన పెద్దదే గాని తాళం ఊడలేదు. అమెరికా పెరటి డిష్ వైభవం అక్కడితో తగ్గుముఖం పట్టింది, సరిగ్గా ఆసియాలో అది మొదలవడానికి నాలుగేళ్ల ముందు.

ఆసియా కథను మొదలుపెట్టిన ఉపగ్రహం కూడా సెకండ్‌హ్యాండ్‌దే. 1984లో వెస్టార్-6 పేరుతో పైకి వెళ్లి, రాకెట్ లోపంతో తప్పు కక్ష్యలో చిక్కుకున్న ఉపగ్రహాన్ని అదే ఏడాది నవంబరులో అమెరికా స్పేస్ షటిల్ వ్యోమగాములు పట్టి భూమికి తెచ్చారు. దాన్ని మరమ్మతు చేసి, ఏషియాశాట్-1 అని పేరు మార్చి, 1990 ఏప్రిల్ 7న చైనా రాకెట్ మీద పంపితే అది 105.5 డిగ్రీల తూర్పు రేఖాంశం పైన నిలిచింది. హాంకాంగ్ వ్యాపారవేత్త లీ కా-షింగ్ కుటుంబం దాని మీద 1991లో స్టార్ టీవీ ప్రారంభించింది: వినోదానికి స్టార్ ప్లస్, ఆటలకు ప్రైమ్ స్పోర్ట్స్, సంగీతానికి ఎంటీవీ, వార్తలకు బీబీసీ, ఒక చైనీస్ చానల్. పశ్చిమాసియా నుంచి తూర్పు ఆసియా దాకా పరచుకున్న ఆ సిగ్నల్‌కు తాళం లేదు. అది దాతృత్వం కాదు. అన్ని దేశాల్లో ఇంటింటి నుంచి చందా వసూలు చేసే యంత్రాంగం ఆ కంపెనీకి లేదు, ప్రకటనలు ఇచ్చేవారికి చూపడానికి మాత్రం వీలైనంత పెద్ద ప్రేక్షక సంఖ్య కావాలి. కాబట్టి ఎవరు పట్టుకుంటే వారికి లాభం కన్నా పంపినవారికే ఎక్కువ లాభం. 1991 జనవరిలో గల్ఫ్ యుద్ధాన్ని సీఎన్ఎన్‌లో ప్రత్యక్షంగా చూపిన పెద్ద నగరాల హోటళ్లు డిష్ మీద అప్పటికే ఆశ పుట్టించాయి, స్టార్ ఆ ఆశకు రోజంతా తిండి పెట్టింది. 1992 అక్టోబరు 2న అదే ఉపగ్రహం మీద హిందీలో జీ టీవీ వచ్చింది.

ఇక ఆ సిగ్నల్‌ను బేస్తవారిపేటలో పట్టడమంటే ఏమిటో వివరంగా చూడాలి. కొత్త ఉపగ్రహాలు వాడిన సీ-బ్యాండ్ అనే తరంగ శ్రేణి 3.7 నుంచి 4.2 గిగాహెర్ట్జ్ వరకు ఉంటుంది. అందులో ఒక్కో తరంగం పొడవు ఏడున్నర సెంటీమీటర్లకు అటూ ఇటూ. డిష్ జాలీలోని కన్నం తరంగం పొడవులో పదో వంతును మించకూడదు, మించితే తరంగం తిరిగి పరావర్తనం చెందకుండా జాలీలోంచి జారిపోతుంది. సైట్ కాలపు తరంగం పొడవు 35 సెంటీమీటర్లు గనుక కోళ్ల జాలీ సరిపోయింది. సీ-బ్యాండుకు అది పనికిరాదు, ఐదారు మిల్లీమీటర్ల కన్నాలున్న అల్యూమినియం జాలీ గాని, అతుకులు లేని ఫైబర్ డిష్ గాని కావాలి. పైగా డిష్ ఆకారం ఎక్కడైనా అర సెంటీమీటరు మేర వంకరపోయినా బొమ్మ బలహీనపడుతుంది. డిష్ ఆకారాన్ని పరవలయం అంటారు: దాని మీద సమాంతరంగా పడిన కిరణాలన్నీ ముందున్న ఒకే బిందువుకు చేరతాయి, ఆ బిందువునే నాభి అంటారు. నాభి దగ్గర ఉండే ఫీడ్ హార్న్ అనే లోహపు నోరు కిరణాలను పోగుచేసి వెనకనున్న ఎల్ఎన్‌బీకి అందిస్తుంది. తన సొంత రొదను అతి తక్కువగా కలుపుతూ సిగ్నల్‌ను లక్షల రెట్లు పెంచి, మామూలు కోయాక్సియల్ వైరు మోయగలిగిన తక్కువ పౌనఃపున్యానికి దించడం ఎల్ఎన్‌బీ పని. ఆ రొదను కెల్విన్ అనే ఉష్ణోగ్రత ప్రమాణంలో కొలుస్తారు. 1980 ప్రాంతంలో 120 కెల్విన్ ఉన్న పరికరాలు మంచివిగా చెలామణీ కాగా 1990ల నడుమకు అది 25 కెల్విన్ దరికి దిగింది, పదహారు అడుగులు కావలసిన చోట ఎనిమిది అడుగులు చాలడానికి అసలు కారణం అదే. కొన్నవారు డిష్ సైజు గురించే ఎక్కువగా మాట్లాడుకున్నారు గాని, నాభి దగ్గర వేలాడిన ఆ చిన్న పెట్టె లేకపోతే పెద్ద డిష్ ఎండకు నీడనివ్వడానికి తప్ప మరెందుకూ పనికిరాదు.

దిక్కు కుదర్చడం అసలైన నేర్పు. బేస్తవారిపేట 15.5 డిగ్రీల ఉత్తర అక్షాంశానికి, 79 డిగ్రీల తూర్పు రేఖాంశానికి దగ్గరలో ఉంది. అక్కడి నుంచి ఏషియాశాట్-1 ఆగ్నేయానికి కాస్త తూర్పుగా, అంటే ఉత్తరం నుంచి సవ్యదిశలో సుమారు 118 డిగ్రీల వద్ద, నేల నుంచి సుమారు 55 డిగ్రీల ఎత్తున ఉంటుందని లెక్క వస్తుంది. సైట్ కాలంలో ఏటీఎస్-6 ఇదే చోటి నుంచి చూస్తే పడమటి వైపు, 37 డిగ్రీల ఎత్తున మాత్రమే ఉండేది. నల్లమల కొండలు ఈ ఊళ్లకు పడమర ఉండడం, 1990ల ఉపగ్రహాలు తూర్పు, ఆగ్నేయాల్లో ఉండడం అనుకోకుండా కలిసొచ్చిన అదృష్టం: టవర్ తరంగానికి అడ్డమైన కొండ ఉపగ్రహ తరంగానికి అడ్డం రాలేదు. పన్నెండు అడుగుల డిష్ చూపు ఒకటిన్నర డిగ్రీ వెడల్పు మాత్రమే కాబట్టి, దిక్సూచితో దిక్కు, కోణమానితో ఎత్తు చూసుకుని సుమారుగా నిలిపిన తరువాత, ఒకరు బోల్టులు వదులుచేసి వెంట్రుకవాసి చొప్పున జరుపుతుండగా మరొకరు రిసీవర్‌కు తగిలించిన చిన్న బ్లాక్ అండ్ వైట్ టీవీని చూస్తూ ఉండాలి. బొమ్మ తగిలాక ఫీడ్ హార్న్‌ను గుండ్రంగా తిప్పి ధ్రువణం కుదర్చాలి. ధ్రువణం అంటే తరంగం నిలువుగా కంపిస్తుందా, అడ్డంగానా అన్న విషయం, ఒకే పౌనఃపున్యం మీద రెండు చానళ్లు కలిసిపోకుండా పంపడానికి ఉపగ్రహాలు ఈ తేడాను వాడుకుంటాయి. బొమ్మలో నల్లని, తెల్లని మెరుపు చుక్కలు పడుతున్నాయంటే సిగ్నల్ అంచున ఉందని అర్థం.

గాలి మరో పరీక్ష. పన్నెండు అడుగుల డిష్ వైశాల్యం పదిన్నర చదరపు మీటర్లు. గంటకు వంద కిలోమీటర్ల వేగంతో వీచే గాలికి అది ఎదురుగా నిలిస్తే, జాలీ కాక మూసిన రేకైన పక్షంలో, పడే ఒత్తిడి అర టన్ను బరువుకు తక్కువ కాదు. బంగాళాఖాతపు తుపానుల చివరి గాలులు నల్లమల దాకా వస్తాయి. కాబట్టి పాత మట్టి మిద్దెల మీద డిష్ ఎక్కించడం ప్రమాదం, కాంక్రీటు డాబా లేని చోట పెరట్లో గుంత తీసి, ఇనుప పైపును కాంక్రీటులో పాతిపెట్టి దాని మీద నిలపడమే క్షేమం. పెద్ద డిష్ పెరటి వస్తువు కావడానికి మర్యాద కన్నా భారమే కారణం.

డిష్ యజమానులను కలవరపెట్టిన మరొక దృగ్విషయం ఏడాదికి రెండుసార్లు వచ్చేది. విషువత్తులకు, అంటే పగలూ రాత్రీ సమానమయ్యే రోజులకు దగ్గరలో సూర్యుడు సరిగ్గా ఉపగ్రహం వెనక్కి వచ్చినప్పుడు డిష్ రెంటినీ కలిపే చూస్తుంది, సూర్యుని రేడియో రొద ముందు ఉపగ్రహపు గొంతు వినిపించదు. ఈ అక్షాంశంలో అది మార్చి రెండో వారంలోనూ సెప్టెంబరు చివరనూ జరుగుతుంది. ఏషియాశాట్ స్థానానికైతే ఉదయం పది గంటల ప్రాంతంలో, వరసగా కొన్ని రోజులు, రోజుకు కొన్ని నిమిషాలు. సంగతి తెలియక ఆ నిమిషాల్లో ఎల్ఎన్‌బీ విప్పినవారు, బొమ్మ దానంతట అదే తిరిగి వచ్చేసరికి తమ మరమ్మతే ఫలించిందనుకున్నా తప్పుపట్టలేం.

ఇంత సామగ్రి, ఇంత శ్రమ ఒక్క ఇంటి కోసం పెట్టగలవారు మెట్ట ప్రాంతంలో ఎందరు? పలకల గనులు, పలకల ఫ్యాక్టరీల మీద బతికే మార్కాపురంలో గాని, కంభం చెరువు కింది మాగాణి మీద, మిగతాది వాన మీద ఆధారపడిన పల్లెల్లో గాని డిష్, ఎల్ఎన్‌బీ, రిసీవర్ మూడూ కొనగలిగిన గృహస్థులు అరుదు. అమెరికా పెరటి డిష్‌కూ ఇక్కడి పెరటి డిష్‌కూ ఉన్న ప్రధానమైన తేడా ఇక్కడే ఉంది: అక్కడ డిష్ ఇంటి పక్కన కేబుల్ లేనందువల్ల పుట్టింది, ఇక్కడ డిష్ పుట్టాకే దాని నుంచి కేబుల్ పుట్టింది. 1980ల చివర వీసీఆర్ అద్దెకు తెచ్చి వీడియో పార్లర్ నడిపినవారు, టీవీ మెకానిక్కులు, రేడియో దుకాణాలవారు ఒక డిష్ నిలిపి, దాని బొమ్మను వైరు మీద చుట్టూ ఇళ్లకు పంచి, నెలకు కొన్ని పదుల రూపాయలు తీసుకోవడం మొదలుపెట్టారు. డిష్ నిలపడంలో ఉండే ఉత్సాహం మెకానిక్కు అభిరుచి, నెల చివర వసూలు అతని జీవనం. ఈ రెంటినీ వేరుచేసి చూడడం కష్టం. కొత్త ఉపగ్రహం వచ్చిందని విని, రాత్రి అందరూ పడుకున్నాక డిష్‌ను మరో దిక్కుకు తిప్పి చూసి, తెల్లారేలోగా మళ్లీ పాత చోటికి తేవడం లాభం కోసం చేసే పని కాదు.

చట్టం దృష్టిలో ఇది చాలాకాలం పేరు లేని వ్యాపారం. 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం, 1933 నాటి వైర్‌లెస్ చట్టం తప్ప ఈ విషయానికి వర్తించే శాసనం లేదు. ఆ రెండూ రాసినవారి ఊహలో ఉపగ్రహమే లేదు. కరెంటు స్తంభాల మీదుగా, వేపచెట్ల కొమ్మల మీదుగా వీధి దాటిన నల్ల వైరు ఏ శాఖకు చెందిన విషయమో తేలకముందే దేశమంతా అల్లుకుపోయింది. 1994 సెప్టెంబరులో ఆర్డినెన్సుగా వచ్చి 1995 మార్చిలో చట్టమైన కేబుల్ టెలివిజన్ నెట్‌వర్కుల నియంత్రణ చట్టం, ప్రతి ఆపరేటరూ తన ప్రాంతపు హెడ్ పోస్టాఫీసులో నమోదు చేసుకోవాలనీ దూరదర్శన్ చానళ్లను తప్పక పంపాలనీ నిర్దేశించింది. కేబుల్ ఆపరేటరుకు తొలి ప్రభుత్వ గుర్తింపు పోస్టాఫీసు నుంచి రావడం ఈనాటివారికి వింతగా తోచవచ్చు.

తెలుగు ప్రేక్షకుడికి డిష్ నిజంగా అవసరమైంది ఆ చట్టం వచ్చిన 1995లోనే. అంతవరకు డిష్ తెచ్చిన బొమ్మ ఇంగ్లీషుది, హిందీది, 1993 ఏప్రిల్‌లో సన్ టీవీ వచ్చాక తమిళానిది. 1995 ఫిబ్రవరి 9న జెమినీ టీవీ, ఆగస్టు 27న ఈటీవీ ప్రారంభమయ్యాక గాని ఇంటి ఆడవారు, ముసలివారు ఈ వైరుకు నెలనెలా డబ్బు పెట్టడాన్ని ఒప్పుకోలేదనడం అతిశయోక్తి కాదు. జెమినీ మొదలైన ఆ ఫిబ్రవరి 9నే సుప్రీంకోర్టు, క్రికెట్ ప్రసార హక్కుల వివాదంలో తీర్పు చెబుతూ, ప్రసార తరంగాలు ప్రజల ఆస్తి అనీ వాటి మీద ప్రభుత్వానికి గుత్తాధిపత్యం లేదనీ ప్రకటించింది. తేదీల కలయిక కాకతాళీయమే. ఆ తీర్పు తరువాత కూడా మూడేళ్లపాటు ప్రైవేటు చానళ్లకు భారత భూభాగం నుంచి సిగ్నల్ పైకి పంపే అనుమతి లేకపోవడంతో, దేశంలో తయారైన కార్యక్రమాలను టేపుల రూపంలో విమానంలో విదేశాలకు చేర్చి అక్కడి కేంద్రాల నుంచి పంపవలసి వచ్చింది. హైదరాబాదులో తీసిన సీరియల్ బేస్తవారిపేట చేరడానికి ముందు సముద్రం దాటిందన్నమాట.

ఉచితానికి ముగింపు ఒక్కసారిగా రాలేదు. 1993లో స్టార్‌లో అధిక వాటా కొన్న రూపర్ట్ మర్డోక్ ప్రకటనలతో మాత్రమే తృప్తిపడే వ్యాపారి కాదు. 1990ల నడుమ నుంచి సినిమా చానళ్లు, ఆటల చానళ్లు ఒకదాని వెంట ఒకటి తాళం వేసుకున్నాయి. తాళం తీసే డీకోడర్ పెట్టెను కంపెనీ కేబుల్ ఆపరేటరుకే ఇచ్చి, అతని కింద ఎన్ని ఇళ్లున్నాయో అడిగి, ఆ లెక్కన డబ్బు కట్టించుకుంది. ఆపరేటరు ఇళ్ల సంఖ్య తగ్గించి చెప్పడం, కంపెనీ ప్రతినిధి వీధులు తిరిగి లెక్కపెట్టడం అనే దోబూచులాట పదేళ్లు సాగింది. దీనికి తోడు ప్రసారాలు అనలాగ్ నుంచి డిజిటల్‌కు మారాయి. అనలాగ్‌లో ఒక ట్రాన్స్‌పాండర్, అంటే ఉపగ్రహం మీది ఒక ప్రసార మార్గం, ఒక్క చానల్‌ను మోస్తే, బొమ్మను అంకెలుగా కుదించి పంపే డిజిటల్ పద్ధతిలో అదే మార్గం ఎనిమిదిని గాని అంతకు మించి గాని మోయగలదు. పంపేవారికి ఖర్చు తగ్గింది. పెరటి డిష్ ఉన్నవారికి మాత్రం జాలీ, పైపు, వైరు పనికొచ్చినా రిసీవర్ మూలపడింది. 1999లో ఏషియాశాట్-3ఎస్ ఆ 105.5 డిగ్రీల స్థానంలోకి వచ్చేసరికి, ఒంటరి అభిరుచిగా డిష్ నడిపినవారిలో చాలామంది నెలకు కొంత కట్టి వీధి కేబుల్‌కే మారారు. తాళం వేయగలిగే యంత్రం, లెక్కపెట్టగలిగే ఏజెంటు లేనంతకాలమే ఆకాశం ఉచితంగా ఉంది. అమెరికాలో పదేళ్లు, ఇక్కడ ఏడెనిమిదేళ్లు.

ప్రభుత్వం ఈ కాలంలో చిన్న డిష్‌ను చూసి భయపడింది. కేయూ-బ్యాండ్ అనే మరింత హెచ్చు పౌనఃపున్యాల్లో తరంగం రెండున్నర సెంటీమీటర్ల దగ్గరకు కుదించుకుపోతుంది, ఉపగ్రహమూ శక్తిని ఒక దేశం మీదికి కేంద్రీకరిస్తుంది, అందుచేత రెండడుగుల డిష్ చాలు. కిటికీ పక్క బిగించుకోగల ఆ డిష్ ద్వారా విదేశీ కంపెనీ నేరుగా ఇంట్లోకి వస్తుందన్న ఆందోళనతో 1997 జులైలో 4,800 మెగాహెర్ట్జ్‌కు మించిన సిగ్నల్ పట్టే పరికరాలను కలిగి ఉండడాన్ని కూడా నిషేధించారు. నిషేధం 2000 చివరలో తొలగింది, 2003లో డిష్ టీవీ అనే చందా సేవ వచ్చింది. 2004 డిసెంబరు 16న ప్రధాని మన్మోహన్ సింగ్ ప్రారంభించిన డీడీ డైరెక్ట్ ప్లస్, ఆ తరువాత డీడీ ఫ్రీ డిష్‌గా పేరు మార్చుకున్నది, ఒకసారి డిష్, పెట్టె కొంటే నెలవారీ చందా లేకుండా చూసే పద్ధతిని మళ్లీ తెచ్చింది. ఆ ప్రసారం ప్రస్తుతం 93.5 డిగ్రీల తూర్పు స్థానం నుంచి వస్తుంది. 1993లో పంపిన ఇన్‌శాట్-2బీ నిలిచిన స్థానం కూడా అదే, బేస్తవారిపేట నుంచి ఆగ్నేయ దిశలో 65 డిగ్రీల ఎత్తున. హిందీ ప్రాంతాల్లో ఫ్రీ డిష్ పేదవాడి టెలివిజన్‌గా స్థిరపడింది. తెలుగు ఇళ్లలో అంత పట్టు సాధించకపోవడానికి కారణం సూటిగా చెప్పవచ్చు: అందులో చాలాకాలం సప్తగిరి, యాదగిరి వంటి దూరదర్శన్ చానళ్లు తప్ప జనం కోరే తెలుగు వినోద చానళ్లు పెద్దగా లేవు. చందా లేకపోవడం ఒక్కటే ప్రేక్షకుడిని నిలబెట్టదని ఈ పోలిక చూపుతుంది.

కేబుల్ ఆపరేటర్ల కంట్రోల్ రూముల మీద పెద్ద సీ-బ్యాండ్ డిష్‌లు పూర్తిగా మాయం కాలేదు. వానకు చెదరని గుణం వల్ల చానళ్లు తమ సిగ్నల్‌ను ఆపరేటర్లకు ఇప్పటికీ ఆ బ్యాండులోనే పంపుతున్నాయి, తిరుమల తిరుపతి దేవస్థానాల ఎస్వీబీసీ వంటి తాళం లేని చానళ్లను పెరటి డిష్ ఇప్పటికీ నేరుగా పట్టగలదు. కాకపోతే 2022లో 5జీ సేవలకు వేలం వేసిన 3.3 నుంచి 3.67 గిగాహెర్ట్జ్ తరంగాలు సీ-బ్యాండుకు ఆనుకునే ఉండడంతో, సెల్ టవర్ దగ్గరలో ఉన్న డిష్‌కు ఇప్పుడు ఫిల్టర్ అనే అదనపు పరికరం కావలసి వస్తోంది.

బేస్తవారిపేట, కొమరోలు, రాచర్ల, అర్ధవీడు, తర్లుపాడు మండలాల్లో ఆ తొలి డిష్‌లు నిలిపిన మెకానిక్కులు, ఆపరేటర్లు చాలామంది ఇప్పుడు అరవైలలో ఉన్నారు. వారి ఇళ్లలో మిగిలిన పోస్టాఫీసు నమోదు పత్రాలు, నెలవారీ వసూలు పుస్తకాలు, రిసీవర్లతో వచ్చిన కరపత్రాలు, డిష్ పక్కన నిలబడి తీయించుకున్న ఫొటోలు పాత కాగితాల వాడికి వేయకుండా దాచి, మండల గ్రంథాలయాలకైనా అప్పగించాలని పాఠకులకు విజ్ఞప్తి. 1995 చట్టం తరువాత వీధి ఆపరేటరుకూ పెద్ద కంపెనీలకూ మధ్య నడిచిన వ్యవహారం వచ్చే భాగంలో.